వార్తల్లో పదం: గైడ్ డాగ్ బోర్డు

చూపు లేనివారికి దారి చూపే కుక్కే గైడ్ డాగ్. దానికి శిక్షణ ఇచ్చే మనిషికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలా? అమెరికాలో ఒకప్పుడు ఉండాలన్న రాష్ట్రం కాలిఫోర్నియా ఒక్కటే. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులు తిరిగొచ్చాక శిక్షకులమంటూ పుట్టుకొచ్చినవాళ్లలో విరాళాలు దండుకునే మాయగాళ్లూ ఉన్నారు. దాంతో 1948లో అక్కడ లైసెన్సులిచ్చే గైడ్ డాగ్ బోర్డు ఏర్పడింది.

లైసెన్సు కావాలంటే మూడేళ్లు అనుభవజ్ఞుడి దగ్గర పని నేర్చుకుని, పరీక్ష నెగ్గాల్సి ఉండేది. శిక్షకుడు తన కళ్లకు గంతలు కట్టుకుని, తాను తీర్చిదిద్దిన కుక్కతో వాహనాల రద్దీలో నడిచి చూపాలన్నది చట్టం పెట్టిన షరతు. ఇంతకన్నా నిజాయతీ గల పరీక్ష ఏముంటుంది? శిక్షణ పాఠశాలలకూ లైసెన్సు తప్పనిసరిగా ఉండేది. కుక్క ఎవరి సొత్తు, పాఠశాలదా, వాడేవారిదా అన్న పేచీలూ బోర్డు గడప తొక్కాయి. బోర్డు సభ్యుల్లో గైడ్ డాగ్ వాడే అంధులకూ చోటుండేది.

అయితే లైసెన్సుదారులు కొద్దిమందే ఉండేవారు. అంత చిన్న వృత్తికి ప్రత్యేక బోర్డు ఎందుకన్న వాదన నెగ్గి, 2018 జనవరి 1న అది రద్దయింది. ఇప్పుడు ప్రమాణాల విషయంలో పాఠశాలలకు పెద్ద దిక్కు అంతర్జాతీయ గైడ్ డాగ్ సమాఖ్య గుర్తింపు. 1989లో ఏర్పడిన ఈ సమాఖ్య ప్రభుత్వ సంస్థ కాదు, దానిలో చేరడం ఐచ్ఛికం.