ఒంట్లో నాలుగు జబ్బులు, డాక్టరు ముందు కంప్యూటరు: అపోహలు – వాస్తవాలు

ప్రేమ్ బజార్ మందుల షాపు కౌంటరు దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో తెలిసిపోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు రిటైరై ఉన్నారు. చాలామందికి బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు మూడూ ఉన్నాయి. కొందరికి గుండె జబ్బు కూడా. రైల్వే ఆసుపత్రిలో ఇచ్చిన మందులు ఒక సంచిలో ఉంటాయి. ప్రైవేటు డాక్టరు చీటీ జేబులో ఉంటుంది. వేలూరు ఆసుపత్రికి వెళ్లొచ్చినప్పటి ఫైలు ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఇవన్నీ ఉండగా, "బాబూ, మోకాలి నొప్పికి ఓ మాత్ర ఇవ్వు" అని కౌంటరు దగ్గర అడుగుతారు.

ఇలా పలు జబ్బులున్న రోగికి మందులు రాసేటప్పుడు డాక్టరుకు సలహా ఇచ్చే కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చాయి. బజారు పక్కన గోడ అవతలే ఐఐటీ ఉంది. అక్కడ వైద్యాన్నీ ఇంజినీరింగునూ కలిపి నేర్పే విభాగం 2001 నుంచి నడుస్తోంది. దాంతో ఈ ప్రోగ్రాముల గురించి ఆశలూ భయాలూ రెండూ ఎక్కువగానే వినిపిస్తాయి.

అపోహ: ఒక్కో జబ్బుకు ఒక్కో మంచి డాక్టరు ఉంటే చాలు, కంప్యూటరుతో పనేముంది?

వాస్తవం: ఏ డాక్టరూ తప్పు రాయకపోయినా రోగికి ముప్పు రావచ్చు. బీపీకి టెల్మిసార్టానో రామిప్రిలో ఒకరు రాస్తారు. కాళ్ల వాపుకు నీరు దించే మాత్ర ఇంకొకరు ఇస్తారు. విడిగా చూస్తే రెండూ సరైనవే. వాటి మీద కౌంటరులో కొన్న డైక్లోఫెనాక్ పడుతుంది. మూత్రపిండంలో వడపోత జరగాలంటే రక్తం తగినంత ఒత్తిడితో రావాలి. నొప్పి మాత్ర లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తుంది. బీపీ మాత్ర బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. నీరు దించే మాత్ర ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోత పడిపోతుంది. వయసు మీదపడినవాళ్లకు, అందులోనూ విరేచనాలు పట్టుకున్నప్పుడో ఎండదెబ్బ తగిలినప్పుడో, కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. పైగా షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మోతాదు కిడ్నీల పనితీరును బట్టే ఉండాలి. అది బాగా పడిపోతే ఆ మందు ఆపేయాల్సిందే.

జబ్బు వారీగా రాసుకున్న వైద్య మార్గదర్శకాలకూ ఈ చిక్కు ఉంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన సింథియా బోయిడ్ బృందం 2005లో ఒక లెక్క వేసింది. 5 దీర్ఘకాలిక జబ్బులున్న 79 ఏళ్ల ఆవిడను ఊహించుకుని, ఏ జబ్బు మార్గదర్శకాన్నీ వదలకుండా పాటిస్తే ఏమవుతుందో చూసింది. ఆవిడ 12 రకాల మందులు వాడాలి, నెలకు 406 డాలర్లు ఖర్చు పెట్టాలి. అన్ని మందులు ఒకదానితో ఒకటి ఎలా తగువుపడతాయో పది నిమిషాల ఓపీలో గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. కంప్యూటరు అక్కరకొచ్చేది ఇక్కడే.

అపోహ: ఇక మందులు కంప్యూటరే రాసేస్తుంది.

వాస్తవం: 1970లలోనే స్టాన్‌ఫర్డ్‌లో మైసిన్ అనే ప్రోగ్రాము తయారైంది. ఇన్ఫెక్షన్లకు ఏ యాంటీబయాటిక్ వాడాలో చెప్పేది, ఎందుకని అడిగితే కారణమూ చూపేది. అయినా ఆసుపత్రుల్లో రోజువారీ వాడకంలోకి రాలేదు. ఇప్పటివీ సలహా ఇస్తాయి, హెచ్చరిస్తాయి, అంతే. ఏ మందు ఉంచాలో, ఏది తీసేయాలో, రోగి దేన్ని తట్టుకోగలడో తేల్చవలసింది డాక్టరే.

అపోహ: తెర చూసి రాసే డాక్టరుకు పని రాదు.

వాస్తవం: సరిచూసుకుని రాసే డాక్టరు దొరకడం మన అదృష్టం.

అపోహ: ఆసుపత్రిలో ఈ ప్రోగ్రాము పెడితే చాలు, బీపీ, షుగరు అదుపులోకి వస్తాయి.

వాస్తవం: మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే దీన్ని పరీక్షించారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 గ్రామాల్లో, ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చారు. గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో వాటిలోని ప్రోగ్రాము లెక్కకట్టేది, డాక్టరుకు చికిత్స సలహా చూపేది. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

భారత్, పాకిస్తాన్‌లలో 10 క్లినిక్‌లలో, 1146 మంది షుగరు రోగులతో జరిగిన కారస్ అధ్యయనం ఫలితం వేరుగా వచ్చింది. అక్కడ కంప్యూటరు సలహాతో పాటు, రోగిని పదేపదే పలకరించి, మందులు వాడుతున్నారో లేదో కనుక్కునే సమన్వయకర్తలనూ పెట్టారు. షుగరుతో పాటు బీపీ గానీ చెడు కొలెస్ట్రాల్ గానీ అదుపులోకి వచ్చినవాళ్లు మామూలు వైద్యంలో 8.1 శాతం, ఇక్కడ 18.2 శాతం. సాఫ్ట్‌వేరు కొని చేతులు దులుపుకునే ఆసుపత్రులు ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. వెంటపడి అడిగే మనిషి లేకపోతే తెర మీది సలహా అక్కడే ఆగిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: కంప్యూటరు హెచ్చరిక చూపిందంటే ఆ మందు విషమే.

వాస్తవం: చాలా హెచ్చరికలు చిన్న విషయాలకే వస్తాయి. వాటిలో సగం నుంచి 96 శాతం దాకా డాక్టర్లు పక్కన పెట్టేస్తున్నారని 2006లో ఒక సమీక్ష తేల్చింది. ఆ గోలలో అసలైన హెచ్చరిక మరుగున పడిపోవడమే ప్రమాదం. రోగి మాత్రం తనంతట తాను ఏ మందూ ఆపకూడదు.

అపోహ: కంప్యూటరుకు మన సంగతంతా తెలుసు.

వాస్తవం: ఎక్కించింది మాత్రమే తెలుసు. రైల్వే ఆసుపత్రి తెర మీద వేలూరు చీటీ ఉండదు. ప్రేమ్ బజార్‌లో చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్ర ఎక్కడా నమోదు కాదు. నాటు మందులూ, ఆయుర్వేద చూర్ణాలూ అంతే.

అందుకే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, నొప్పి మాత్రలూ చూర్ణాలూ సహా, ఒకే సంచిలో వేసుకుని వెళ్లండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చివరిసారి చేయించిన రిపోర్టు కూడా పెట్టుకోండి. అమ్మానాన్నలు ఖరగ్‌పూర్‌లో, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే, ఆ మందుల జాబితాను ఫోనులో అడిగి రాసి, డాక్టరుకు చూపేందుకు వాళ్లకు పంపే పని పిల్లలు తీసుకోండి.