దొడ్డి మనదే... దారి మాత్రం ఇద్దరిదీ!

రావులపాలెం మార్కెట్ యార్డులో అరటి గెల ధర పడిపోతే వచ్చే కాపుకైనా సర్దుకుంటుందిలే అనుకుంటాం. అదే దొడ్లో గజం స్థలం దగ్గర మాటపడితే మాత్రం పదేళ్లయినా మర్చిపోం. పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోతాయి. పిల్లలు గోడకి అటొకరు ఇటొకరు నిలబడి చూసుకుంటారు. ఇంతకీ గొడవ ఎక్కడ మొదలైందంటే, ఓ రేకుల షెడ్డు దగ్గర!

ఒక ఇల్లు ఊహించుకోండి. మన ఊళ్లలో ఏ వీధిలోనైనా కనిపించే ఇల్లే. మామగారి స్థలాన్ని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. రోడ్డు వైపు వాటా పెద్దాయనది, వెనక వాటా చిన్నాయనది. వెనకింటి వంటగది నీళ్లు, స్నానాల గది నీళ్లు ముందింటి దొడ్డి కింద వేసిన గొట్టంలోంచి పోయి రోడ్డు పక్క కాలువలో పడతాయి. కరెంటు తీగ కూడా ఆ దొడ్డి మీదుగానే వెనక్కి వెళ్తుంది. పాతికేళ్లుగా ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు పెద్దావిడకి కొబ్బరి డొక్కలు, కట్టెలు, నీళ్ల మోటారు తడవకుండా ఓ షెడ్డు కావాలి. మేస్త్రీ వచ్చి ముగ్గు పోశాడు. సరిగ్గా ఆ గొట్టం మీదే!

''మా స్థలంలో మేం వేసుకుంటే నీకేంటమ్మా నష్టం?'' అని పెద్దావిడ.

''రేపు గొట్టం పూడుకుంటే ఎక్కడ తవ్వాలక్కా? మా నీళ్లెటు పోవాలి?'' అని చిన్నావిడ.

మగవాళ్లు ''తర్వాత చూద్దాంలే'' అని పనుల మీద వెళ్లిపోతారు. కాలువలు, బోదెలు నిండుగా పారే ఈ డెల్టా నేలలో వానాకాలం నీరు ఇంకడమే కష్టం. దానికి తోడు గొట్టం కూడా మూసుకుపోతే వాకిట్లో నిలిచిన మురుగును బకెట్లతో ఎత్తిపోసేది ఆడవాళ్లే. పొద్దున్న లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిందీ వాళ్లే. అందుకే ఈ తగువులో న్యాయం ఏమిటో ముందుగా తెలుసుకోవలసింది కూడా మనమే.

ఎవరి మాట న్యాయం?

నిజం చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మనది కాని స్థలంలోంచి నడవడానికో, నీళ్లు పోవడానికో, గొట్టం వేసుకోవడానికో ఉండే హక్కును చట్టం ఈజ్‌మెంట్ హక్కు అంటుంది. దీనికోసం 1882లోనే ఒక చట్టం వచ్చింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న మన ప్రాంతానికి అది మొదటి నుంచీ వర్తించింది.

ఇరవై ఏళ్లపాటు గొడవ లేకుండా, బాహాటంగా, హక్కుగా, అడ్డంకి లేకుండా వాడుకుంటే ఆ హక్కు స్థిరపడుతుందని 15వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ స్థలమైతే ముప్ఫై ఏళ్లు. ఇక్కడ 'హక్కుగా' అన్న మాట ముఖ్యం. ''మీరు ఒప్పుకుంటే పోనిస్తాం'' అని అడిగి వాడుకుంటే అది అనుమతి మాత్రమే అవుతుంది.

అన్నదమ్ములు పంచుకున్న స్థలమైతే ఇరవై ఏళ్లు నిండాలన్న నియమం కూడా లేదు. పంపకాల నాటికే ఆనవాలు కనిపిస్తూ, ఎడతెగకుండా వాడుకలో ఉండి, ఆ వాటాను అప్పటిలాగే అనుభవించడానికి అవసరమైన సౌకర్యమైతే అది కొనసాగుతుందని 13వ సెక్షన్ అంటుంది. కాగితంలో వేరేగా రాసుకుంటే మాత్రం ఆ రాతే చెల్లుతుంది. అందుకే పంపకాల కాగితం రాసేటప్పుడు బీరువా ఎవరికి, బిందెలు ఎవరికి అని చూసుకున్నంత శ్రద్ధగా తూము ఎటు, తీగ ఎటు అని కూడా చూసుకోవాలి.

మరి పెద్దావిడకి తన దొడ్డి వాడుకునే హక్కే లేదా? ఎందుకు లేదు! ఎదుటివారి హక్కుకు అడ్డం రాకుండా తన స్థలాన్ని ఎలాగైనా వాడుకోవచ్చని 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. గొట్టం పక్కనుంచి గోడ కట్టుకోవచ్చు. గొట్టం మీద పునాది వేసి, మరమ్మతుకు చోటు లేకుండా చేయడమే తప్పు.

చిన్నావిడకీ హద్దులున్నాయి. గొట్టం బాగుచేసుకోవడానికి వెళ్లి తవ్వుకోవచ్చు గానీ, పని అయ్యాక నేలను మళ్లీ ఎప్పటిలా చదును చేసి ఇవ్వాలి. దొడ్డివాళ్లకు వీలైనంత తక్కువ ఇబ్బందితో ఆ పని చేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది 36వ సెక్షన్. అడ్డంగా కట్టింది అన్యాయమే అయినా సరే, తనంతట తాను వెళ్లి పడగొట్టే వీల్లేదు. ''రాత్రికి రాత్రి కూలగొట్టేయండి'' అని సలహా ఇచ్చే బంధువులు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల మాట వింటే న్యాయం మన వైపు ఉండి కూడా మనమే కేసులో ఇరుక్కుంటాం.

తలమీద తీగ

గొట్టం సంగతి డబ్బుతో, కూలితో తేలిపోతుంది. తీగ సంగతి అలా కాదు, అది ప్రాణాలతో చెలగాటం. ఇళ్లకిచ్చే మామూలు తీగ కప్పుకు పైన కనీసం రెండున్నర మీటర్ల ఎత్తులో ఉండాలి. పక్కకైతే 1.2 మీటర్ల దూరం ఉండాలి. పదకొండు వేల వోల్టుల లైనైతే పైన 3.7 మీటర్లు, అంటే పన్నెండు అడుగులు వదలాలి. షెడ్డు వేసేటప్పుడు కింద నిలబడి ''చాలా ఎత్తులోనే ఉందిలే'' అనుకుంటాం. అదే షెడ్డెక్కి వడియాలు ఎండబెట్టే మనిషికి, ఇనప గొట్టంతో కొబ్బరికాయ లాగే కుర్రాడికి ఆ తీగ ఎంత దగ్గరో అప్పుడు లెక్కవేయం.

1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమ వాళ్లకు గాలికి లేచిన రేకు ఏం చేస్తుందో వేరే చెప్పాలా? రేకు తీగమీద పడినా, తీగ తెగి రేకు మీద పడినా షెడ్డంతా కరెంటే. అప్పుడది ముందింటి వాళ్లనీ వెనకింటి వాళ్లనీ వేరుచేసి చూడదు.

లైను దగ్గర కట్టడం కట్టాలంటే ముందుగా కరెంటు సరఫరా చేసే సంస్థకూ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకూ రాతపూర్వకంగా తెలపాలన్నది నియమం. తీగను మార్చవలసివస్తే ఆ ఖర్చు కట్టుకునేవారిదే. ''లైన్‌మేన్‌కి చెప్పాంగా'' అంటే సరిపోదు.

ముగ్గు పోయకముందే...

* పాత దస్తావేజు, పంపకాల కాగితం బయటకు తీసి చదవండి. గొట్టం, నడవ, తూము గురించి ఒక్క వాక్యం ఉన్నా అదే మీకు ఆధారం.

* గొట్టం ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో రెండు ఇళ్లవాళ్లూ కలిసి చూసి, గోడమీద గుర్తు పెట్టుకోండి.

* షెడ్డును నాలుగడుగులు జరిపితే సరిపోతుందేమో మేస్త్రీని అడగండి. గొట్టాన్నే పక్కకు మార్చుకోవచ్చు కూడా. అయితే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

* పంచాయతీ అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టండి.

* ఒప్పుకున్న మాటను కాగితం మీద పెట్టుకోండి. రిజిస్టరు చేయిస్తే ఇంకా గట్టిది. పెద్దవాళ్ల నోటిమాట వాళ్లతోనే పోతుంది. తగువు మాత్రం పిల్లలకి మిగులుతుంది.

* మాటలతో తేలకపోతే దగ్గర్లోని కోర్టులో ఉండే న్యాయసేవా కమిటీకి వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. కోర్టులో దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడ ఇచ్చిన తీర్పుమీద అప్పీలు ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి తిరిగే పని ఉండదు.

షెడ్డు ఇవాళ కాకపోతే నెల పోయాక వేసుకోవచ్చు. పొరుగు మాత్రం అలా కాదు. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే, ఇంట్లో మగవాళ్లు లేని వేళ ఏ కష్టమో వస్తే మనం ముందుగా తట్టేది ఆ తలుపే. ముగ్గు పోయడానికి మేస్త్రీని పిలిచేముందు, ఆ ఇంటావిడని ఒక్కసారి దొడ్లోకి పిలిచి ''ఇక్కడ వేద్దామనుకుంటున్నాం, నువ్వేమంటావమ్మా?'' అని అడిగి చూడండి. సగం తగువులు అక్కడే ఆగిపోతాయి.