కెమెరా భుజాన, పాప చంకన



పెండ్లిలో ఫోటోలు ఎవరు తీస్తారు? "ఫోటో అన్న" అంటాం. అక్క తీయరాదా? తీస్తది. చదువు రాకముందు "అది మన పని కాదు" అనుకున్నాం. ఇప్పుడు ఈ పాఠం మనమే చదువుతున్నాం. కెమెరా కూడా అంతే. నేర్చుకుంటే వస్తది.

కాని ఒక చిక్కు ఉంది. ఫోటోలు తీసే అక్కకు ఇంట్లో చంటిపాప ఉంటే ఎట్ల? పని విడిచిపెట్టాలా? పాపకు పాలు మాన్పించాలా? రెండూ అక్కర లేదు. ఎట్లనో చూద్దాం.

మనకంటే ముందు నడిచినవాళ్ళు

అప్పుడు మన నిజామాబాద్ నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ అని పేరు మోసిన ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1892లో ఆయన ఆడవాళ్ళ కోసమే ఒక స్టూడియో పెట్టాడు. పరదాలో ఉండే ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు ఫోటో దిగరు కదా! అందుకే ఆ స్టూడియోను ఒక ఇంగ్లీషు ఆమెకు అప్పగించాడు. ఆమె పేరు కెన్నీ లెవిక్.

తర్వాత హోమాయ్ వ్యారావాలా వచ్చింది. ఆమె 1913లో గుజరాత్‌లో పుట్టింది. మన దేశంలో పత్రికల కోసం ఫోటోలు తీసిన మొదటి మహిళ ఆమే. చీర కట్టుకొని, బరువైన కెమెరా పట్టుకొని, ఢిల్లీలో సైకిల్ మీద తిరిగి పని చేసింది. కొడుకును పెంచుకుంటూనే ఈ పని చేసింది. మొదట్లో ఆమె తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. 2011లో ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది.

అందరికీ అట్ల కుదరలేదు. అమెరికాలో డొరొతియా లాంగ్ అనే ఆమె ఉండేది. 1936లో ఆమె ఒక పేద తల్లి ఫోటో తీసింది. ఒడిలో పసిబిడ్డ, రెండు భుజాల మీద ఇద్దరు పిల్లలు. ఆ ఫోటో లోకమంతా చూసింది. కాని ఆ కాలంలో పని కోసం లాంగ్ తన ఇద్దరు కొడుకులను కొన్నాళ్ళు వేరే ఇళ్ళల్లో పెట్టవలసి వచ్చింది. పని చేసే తల్లికి తోడు లేకపోతే ఇట్లనే అయితది.

మన పక్కన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉంది. అక్కడ సంఘంలోని దళిత మహిళలు వీడియో కెమెరా నేర్చుకున్నారు. తమ పంటల మీద, తమ బతుకుల మీద సినిమాలు తీశారు. మనిషి కండ్లకు సమానంగా కెమెరా పెట్టి తీస్తే దానికి "సంఘం షాట్" అని పేరు పెట్టారు. ఎందుకు? సంఘంలో అందరూ సమానమే కదా!

పాలు ఎట్ల వస్తాయి?

బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరుతాయి. తాగించకపోతే తగ్గుతాయి. చాలాసేపు ఆపితే రొమ్ములు గట్టిపడతాయి, సలుపుతాయి. జ్వరం కూడా రావచ్చు. పుట్టిన గంటలోపే పాలు పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు. మంచినీళ్ళు కూడా అక్కర లేదు. ఆ తర్వాత మెత్తని అన్నం, పప్పు తినిపిస్తూ రెండేండ్ల దాకా, ఇంకా ఎక్కువ కాలమైనా పాలు ఇవ్వవచ్చు.

"ఎండల తిరిగి వచ్చినవ్. పాలు వేడి చేస్తయి. పిండి పారబొయ్యి" అని అత్త అంటది. "లేదత్తా, రొమ్ములో పాలు చెడిపోవు" అని చెప్పండి. మంచినీళ్ళు తాగి, చెమట తుడుచుకొని పాలు పట్టండి.

పెండ్లి రోజు ఏం చేయాలె?

పుస్తె కట్టే గడియ ఫోటోగ్రాఫర్ కోసం ఆగదు. పాప ఆకలి కూడా ఆగదు. అందుకే ముందే లెక్క వేసుకోవాలె.

అడ్వాన్సు తీసుకునేటప్పుడే పెండ్లివాళ్ళకు చెప్పండి: "నాకు చంటిపాప ఉంది. తోడుగా మా అత్త వస్తది. కూర్చోవడానికి ఒక అర్ర చూపండి." దాచి పెట్టకండి. చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ముహూర్తం ఎప్పుడో అయ్యగారిని అడగండి. దానికి అరగంట ముందు కడుపునిండా పాలు పట్టండి. తలంబ్రాలు అయ్యి, అందరూ భోజనాలకు లేచినప్పుడు మళ్ళీ పట్టండి. ఆ కొంచెంసేపు కెమెరా పట్టడానికి పని వచ్చిన ఒకరిని తోడు తెచ్చుకోండి.

పాపను ఇంట్లో వదిలి పోతే పాలు పిండి పెట్టవచ్చు. చేతులు సబ్బుతో కడగండి. ఉడకబెట్టిన స్టీలు గిన్నెలో పిండి మూత పెట్టండి. చల్లని చోట నాలుగు గంటలు ఉంటాయి. ఎండాకాలం అంతసేపు ఉంచకండి. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచవచ్చు. పాలను పొయ్యి మీద కాచవద్దు. గిన్నెను గోరువెచ్చని నీళ్ళలో పెడితే చాలు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టండి.

ఒక జాగ్రత్త. కొన్ని సామాన్లలో బొత్తాం లాంటి చిన్న సెల్లు ఉంటది. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలుతది. వెంటనే దవాఖానకు తీసుకుపోవాలె. అందుకే కెమెరా సంచి పైన తగిలించండి.

హక్కు సంగతి

1961లో ప్రసూతి చట్టం వచ్చింది. 2017లో దాన్ని మార్చారు. సెలవు 26 వారాలు చేశారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చని రాశారు. కాని సొంతంగా ఫోటోలు తీసే అక్కకు సెలవు ఇచ్చే యజమాని ఎవరు? ఇంట్లో బీడీలు చుట్టే అక్కకు పిల్లల గది ఎక్కడ? అందుకే ఇంటివాళ్ళు తోడు ఉండాలె. సంఘం తోడు ఉండాలె. బిడ్డ ఇద్దరిది. తొట్టెల ఊపే పని నాయినకు కూడా వస్తది. పాలు మాత్రమే తల్లివి.

మాట్లాడుకుందాం

1. మీ ఊర్లో ఫోటోలు తీసే అక్క ఉందా? లేకపోతే ఎందుకు లేదు?
2. మీరు పనికి పోతే మీ పాపను ఎవరు చూస్తారు?
3. సంఘం మీటింగ్‌లో చంటిపిల్లల తల్లులకు చోటు ఉందా?
4. మీ పాపతో ఫోటో దిగినారా? దాని వెనుక పాప పేరు, తారీఖు మీ చేతితోనే రాయండి.