కృత్రిమ మేధయు, రాష్ట్రేతర తెలుగువారి గృహజీవనమును

తెలుగు నేలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి సంఖ్య స్వల్పమైనది కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలను బట్టి తెలుగు మాతృభాషగా గలవారు తమిళనాట సుమారు 42 లక్షలు, కర్ణాటకమున 35 లక్షలకు పైగా, మహారాష్ట్రమున 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షలు కలరు. వీరిలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో మఱియొక భాష చదువుదురు. హోసూరు బాలునకు తమిళ లిపియు, బళ్లారి బాలికకు కన్నడ లిపియు, షోలాపురపు నేతకుటుంబముల పిల్లలకు మరాఠీ లిపియు, బరంపురమువారికి ఒడియా లిపియు అలవాటైనవి. తాత వ్రాసిన తెలుగు ఉత్తరము మాత్రము వారిలో పెక్కుమందికి కొఱుకుడుపడదు. యానాములో స్థితి వేఱు. అచ్చట తెలుగు చదువగలవారు కలరు గాని, 1954 వఱకు సాగిన ఫ్రెంచి పాలనమునాటి కాగితములు ఫ్రెంచిభాషలో నున్నవి.

ఇదివఱలో ఇట్టి కాగితమును చదివించుకొనుటకు ఊరిలో చదువుకొన్న పెద్ద యొద్దకు పోయెడివారము. నేడు సెల్‌ఫోనుతో ఫొటో తీసి కృత్రిమ మేధ నడిగినచో, క్షణములో అర్థము చెప్పుచున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిదప ఈ అలవాటు వేగముగా వ్యాపించినది. ఈ క్రొత్త దుబాసీని ఎంతవఱకు నమ్మవచ్చును? దాని ముందు ఏది పెట్టవచ్చును, ఏది పెట్టరాదు? ఇవియే ఈ వ్యాసమున విచారింపదలచిన విషయములు.

యంత్రము పనిచేయు తీరు

ఈ యంత్రమునకు అపారమైన వ్రాతలను చూపి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుటకు అవకాశ మెక్కువయో లెక్కగట్టుట నేర్పుదురు. అది సమాధానము చెప్పునపుడు ప్రధానముగా ఆ లెక్కపైననే వాక్యమును అల్లుచుండును. కనుకనే దాని భాష తడబడదు. అయితే భాష తడబడకుండుట వేఱు, విషయము నిజమగుట వేఱు. 2023లో న్యూయార్కు నగరమున ఒక దావాలో న్యాయవాదులు ఈ యంత్రమిచ్చిన ఆరు పూర్వపు తీర్పులను న్యాయస్థానమునకు నివేదించిరి. ఆ తీర్పులు లోకమున ఎచ్చటను లేవు. అవి నిజమైనవేనా యని వారిలో ఒకరు యంత్రమునే అడుగగా, నిజమైనవే యని అది బదులు చెప్పినది. తుదకు 5,000 డాలర్ల జరిమానా పడినది. సాక్షి చెప్పినది నిజమా యని ఆ సాక్షినే అడిగి తృప్తిపడుట ఇందలి దోషము. చదువుకొన్న న్యాయవాదులకే ఇట్లు జరిగినపుడు, లిపి తెలియని మనుమని గతి ఏమగును?

మన పలుకుబడికి గల ప్రత్యేక ప్రమాదము

యంత్రము ఎక్కువగా చూచిన తెలుగు పత్రికలది, పుస్తకములది. మన ఇండ్ల తెలుగు అచ్చెక్కినది తక్కువ. కాగా, యంత్రము తనకు తెలిసిన అర్థమువైపే మొగ్గుట సహజము. రాయలసీమలోను, అచ్చటినుండి దక్షిణమునకు పోయి స్థిరపడిన కుటుంబములలోను కొన్ని యిండ్ల ‘జేజి’ యనగా నాయనమ్మ. పసిపిల్లల మాటలలో ‘జేజి’ యనగా దేవుడు. ‘మా జేజి చెప్పినట్లు చేసితిని’ అను వాక్యము యంత్రము చేతిలో దైవాజ్ఞ కావచ్చును.

ఇది నవ్వి ఊరకొనదగిన పొరపాటు. నవ్వరానిది మఱియొకటి చూడుడు. బళ్లారి ప్రాంతపు తెలుగిండ్లలో ‘అవ్వ’ యనగా అమ్మమ్మయో నాయనమ్మయో; ఉత్తర కర్ణాటకపు కన్నడమున ‘అవ్వ’ యనగా కన్నతల్లి. ‘ఈ ఇల్లు అవ్వ తన సొమ్ముతో కొన్నది’ అని పాత ఉత్తరములో నున్నదనుకొందము. తల్లి కొన్నదైనచో ఆమె బిడ్డలకు హక్కు రావచ్చును. నాయనమ్మ కొన్నదైనచో పినతండ్రి బిడ్డలకును భాగము రావచ్చును. ఒక్క మాట తప్పుగా తెలిసినందున అన్నదమ్ముల నడుమ మాటలు లేకుండ పోవచ్చును. యంత్రము తాను సందేహించినట్లు కనబడదు. చదువరి తాను సందేహింపవలసి యున్నదని ఎఱుగడు.

పూర్వులు చూపిన దారి

ఒక మాధ్యమమునుండి మఱియొకదానికి పోవునపుడు భేదములు చెఱగిపోవుట మనకు క్రొత్త కాదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరము. ‘గుడి’ యన్నను ‘కుడి’ యన్నను వ్రాత ఒక్కటే. తిరువయ్యూరిలో నివసించిన త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేయునపుడు అక్షరముల ప్రక్కన అంకెలు చేర్చి ఈ భేదమును నిలిపినవారు కలరు. లిపి కొఱతను వారు దాచలేదు, గుర్తుపెట్టి చూపిరి. యంత్రపు అనువాదమునకు మనము పెట్టవలసిన గుర్తును ఇట్టిదే.

వేమన పద్యములను 1829లో ప్రకటించిన సి. పి. బ్రౌను ఏ ఒక్క ప్రతిని నమ్ముకొనక, పెక్కు ప్రతులు సేకరించి, పండితులచే సరిచూపించెను. గిడుగు రామమూర్తిగారు 1936లో ఒరిస్సాలో చేరిన పర్లాకిమిడిలో ఉండి, సవరభాషను ఆ భాష మాటలాడువారినుండియే నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిరి. ఒకరు ప్రతులను పోల్చి చూచిరి. మఱియొకరు పలుకువారి నడిగిరి. యంత్రమును వాడువారికి ఈ రెండే సూత్రములు చాలును.

పరుల మాట, పరుల రహస్యము

తప్పొప్పుల విచారణ ఒక భాగము. ధర్మవిచారణ రెండవ భాగము. ఉత్తరము మన చేతిలో నున్నంతమాత్రమున అందలి సంగతులన్నియు మనవి కావు. అందు అత్తయ్య అనారోగ్యము, ఒకరి అప్పు, ఒకరి విడాకులు ఉండవచ్చును. దానిని ఫోనులో యంత్రమునకు చూపుట యనగా సాధారణముగా దూరముననున్న ఒక సంస్థ కంప్యూటరుకు పంపుట. వ్యక్తిగత సమాచారమునకు సంబంధించి పార్లమెంటు 2023లో చట్టము చేసినది. అయితే వ్యక్తి తన గృహావసరములకై చేయు పనికి ఆ చట్టము వర్తింపదు. కావున ఇంటిలోని మర్యాదను మనమే కాపాడుకొనవలెను. సంబంధించినవారు జీవించియున్నచో అడిగి చూపుట, పేర్లు, ఆధార్ సంఖ్య, సర్వే నంబరు కప్పి ఫొటో తీయుట కనీస ధర్మము.

వృద్ధుల కంఠస్వరము ఇంకను సున్నితమైనది. అవ్వ పాడిన పెండ్లిపాటను రికార్డు చేసి దాచుట పుణ్యకార్యమే. కాని ఆమెకు తెలియకుండ అందఱికిని పంచుట తగదు. కొలది క్షణముల ధ్వనినుండి ఒకరి కంఠమును అనుకరింపగల యంత్రములు వచ్చినవి. దూరదేశముననున్న కుమారుని గొంతుతో ‘అమ్మా, వెంటనే డబ్బు పంపుము’ అని మోసగాండ్రు పిలువవచ్చును. అట్టి పిలుపు వచ్చినచో ఫోను పెట్టివేసి, కుమారుని ఎఱిగిన నంబరునకు మరల పిలిచి విచారింపవలెను. డబ్బు పోయినచో ఆలసింపక ప్రభుత్వమువారి 1930 నంబరునకు తెలుపవలెను.

చేయదగిన పనులు

ఇంతమాత్రమున యంత్రమును బహిష్కరింపవలెనని కాదు. తెలుగు చదువరాని బిడ్డకు అది అక్షరము చదివి వినిపించును. దరఖాస్తునకు తొలి చిత్తు వ్రాసియిచ్చును. భారత ప్రభుత్వము 2022లో ఆరంభించిన భాషిణి మొదలగు ప్రయత్నములు మన భాషలకు మేలుచేయ నుద్దేశించినవే. పొరపడినను దిద్దుకొనదగిన పనులకు యంత్రమును స్వేచ్ఛగా వాడవచ్చును. మందుచీటీ, దస్తావేజు, వివాహ నిర్ణయము వంటి వానికి తుదిమాట వైద్యునిదో, న్యాయవాదిదో, ఇంటి పెద్దదో కావలెను.

మన సంఘములు చేయదగిన పని యొకటి కలదు. పాత కాగితమును అనువదించునపుడు మూలపు ఫొటో, యంత్రపు అనువాదము, పెద్దలు దిద్దిన పాఠము అను మూడింటిని విడివిడిగా దాచి, ఏది యంత్రముదో పైన వ్రాసి యుంచవలెను. ‘జేజి’, ‘అవ్వ’ వంటి ఇంటి మాటలను, ఏ యూరివారు ఏ యర్థమున వాడుదురో పట్టికగా కూర్చవలెను. ఈ పనికి గొప్ప ధనము అక్కఱలేదు. ఆదివారపు మధ్యాహ్నము ఒక మనుమరాలు, ఒక అవ్వ, ఒక నోటుపుస్తకము చాలును.

తరువాతి తరమువారు మనల నెఱుగుట చాలవఱకు యంత్రము ద్వారముననే జరుగవచ్చును. ఆ యంత్రము చెప్పినది సరిచూచుకొనుటకు వారికి మూలమును మిగిల్చియుంచుట మన బాధ్యత. అవ్వను అడుగుటకు నేడు అవకాశ మున్నది. అది యెల్లకాలము ఉండదు.