బిల్డ్ ఆగిపోయిందా? ముందు షెల్ ఏదో చూడండి

ఫెడోరా ల్యాప్‌టాప్‌లో సాఫీగా బిల్డ్ అయిన సాఫ్ట్‌వేర్ ఉబుంటు సర్వర్ మీద సగంలో ఆగిపోతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. తెర మీద మాత్రం 'సోర్స్: నాట్ ఫౌండ్' అనో, 'బ్యాడ్ సబ్‌స్టిట్యూషన్' అనో ఓ పొట్టి సందేశం కనిపిస్తుంది. కొత్తవాళ్లు వెంటనే కంపైలర్‌నీ లైబ్రరీలనూ అనుమానిస్తారు. ఈ రెండు సందేశాల్లో ఏది కనిపించినా ముందు చూడాల్సింది షెల్‌ని.

మనం రాసిన ఆదేశాలను చదివి నడిపించే ప్రోగ్రామే షెల్. బిల్డ్ సమయంలో 'మేక్' అనే టూల్ తన ఆదేశాలను మామూలుగా '/బిన్/ఎస్‌హెచ్' చేతికి ఇస్తుంది. టెర్మినల్‌లో మీరు ఏ షెల్ వాడుతున్నారో మేక్ పట్టించుకోదు. '/బిన్/ఎస్‌హెచ్' అనే పేరు అన్ని లినక్స్‌లలోనూ ఒకటే కానీ, దాని వెనకున్న ప్రోగ్రామ్ వేరు. ఫెడోరాలో బాష్; డెబియన్, ఉబుంటుల్లో డాష్; ఆల్పైన్‌లో బిజీబాక్స్ షెల్ ఉంటాయి.

ఉబుంటు 2006లో, 6.10 వెర్షన్‌తో డాష్‌కి మారింది. కారణం వేగం: అప్పట్లో కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు చిన్న చిన్న షెల్ స్క్రిప్టులు ఎన్నో నడిచేవి. డాష్ చిన్నది, త్వరగా మొదలవుతుంది. షెల్‌లో ఏమేం ఉండాలో చెప్పే పోసిక్స్ ప్రమాణానికి మించి అది ఇచ్చేది బహు తక్కువ. జంట బ్రాకెట్లు [[ ]], అర్రేలు, 'సోర్స్' వంటివి బాష్ ఇచ్చే అదనపు సౌకర్యాలు. డాష్‌కి అవి తెలియవు.

సందేశం ఇచ్చి ఆగిపోయే తప్పు నయం. చడీచప్పుడు లేని తప్పులే ప్రమాదం. బాష్‌లో '&>' అంటే ఫలితాన్నీ ఎర్రర్లనూ ఒకే ఫైల్‌లోకి పంపమని అర్థం. డాష్ దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది: ఆదేశాన్ని బ్యాక్‌గ్రౌండ్‌కి నెట్టి, ఫైల్‌ని ఖాళీ చేస్తుంది. ఫలానా టూల్ ఈ మెషీన్‌లో ఉందా అని 'ఇఫ్'తో ఇలా అడిగితే, ఆ టూల్ లేకపోయినా జవాబు ఎప్పుడూ 'ఉంది' అనే వస్తుంది. బిల్డ్ ముందుకు సాగి, ఎక్కడో దూరాన, సంబంధం లేనట్టు కనిపించే చోట కూలుతుంది. దాని మూలం వెతకడానికి గంటలు పోతాయి.

కాబట్టి ముందుగా 'ఎల్‌ఎస్ -ఎల్ /బిన్/ఎస్‌హెచ్' కొట్టి, ఆ పేరు వెనక ఏ షెల్ ఉందో చూడండి. తర్వాత స్క్రిప్ట్‌ని 'చెక్‌బాషిజమ్స్' లేదా 'షెల్‌చెక్' అనే టూల్‌తో పరిశీలించండి. పేచీ ఉన్న వరుసలను అవి చూపిస్తాయి.

దిద్దుబాటుకి రెండు దారులున్నాయి. బాష్ తప్పనిసరైతే ఆ మాట స్క్రిప్ట్ మొదటి వరుసలోనే '#!/బిన్/బాష్' అని రాయండి. మేక్‌ఫైల్‌లో అయితే 'షెల్' అనే వేరియబుల్‌కి బాష్ దారి ఇవ్వండి. 'ఎస్‌హెచ్' ఆదేశంతో స్క్రిప్ట్‌ని నడిపితే ఆ మొదటి వరుసకు విలువుండదని మరవకండి. ఆల్పైన్‌లో బాష్ ముందే ఉండదు, ఇన్‌స్టాల్ చేసుకోవాలి. రెండో దారి పోసిక్స్‌కి కట్టుబడి రాయడం: పోలికలో '==' బదులు '=', 'సోర్స్' బదులు చుక్క, '&>' బదులు '> ఫైల్ 2>&1'.

సిస్టమ్‌లోని '/బిన్/ఎస్‌హెచ్'నే బాష్‌కి మార్చేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. దానివల్ల మీ మెషీన్‌లో బిల్డ్ అవుతుంది కానీ, స్క్రిప్ట్‌లో తప్పు అలాగే ఉండిపోతుంది. రేపు మీ కోడ్ తీసుకున్న మరొకరి దగ్గర అదే బిల్డ్ మళ్లీ ఆగుతుంది. తనకు ఏ షెల్ కావాలో స్క్రిప్టే చెప్పాలి. రాసినవారు ఆ ఒక్క వరుస శ్రద్ధగా రాస్తే, వాడే ప్రతి ఒక్కరికీ ఆ వెతుకులాట తప్పుతుంది.