భూమ్మీద స్వర్గం తెస్తాడనుకున్న మదనపల్లె పిల్లాడు

‘ఫలానా సంవత్సరంలో ఇమామ్ మహ్దీ వచ్చేస్తున్నారు, ఇవిగో నిషానీలు’ అంటూ ఫోన్లకు వీడియోలు వస్తూనే ఉంటాయి. పిల్లలు భయపడతారు, పెద్దలు లెక్కలు వేస్తారు. అన్యాయంతో నిండిన భూమిని ఆయన న్యాయంతో నింపుతారన్న ఆశ హదీసుల్లో ఉన్నదే. ఖియామత్ ఘడియ ఎప్పుడన్నది మాత్రం అల్లాహ్‌కే తెలుసని ఖుర్ఆన్ తేల్చి చెప్పింది. చిక్కు ఆశతో రాదు, దానికి ఒక తేదీనో ఒక మనిషినో తగిలించినప్పుడు వస్తుంది. ఇది మనవాళ్ళు మాత్రమే చేసిన పని కాదు.

వందేళ్ళ కిందట మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు లోకగురువు కోసం ఎదురుచూశారు. ఆయన ఒక మనిషి శరీరంలోకి దిగి వస్తాడు, కొత్త నాగరికత మొదలవుతుంది అని వాళ్ళ నమ్మకం. 1909లో అడయారు సముద్రతీరంలో లెడ్‌బీటర్ అనే నాయకుడి కంట ఒక బక్కపలచని తెలుగు పిల్లాడు పడ్డాడు. పేరు జిడ్డు కృష్ణమూర్తి, పుట్టింది మదనపల్లెలో. తల్లి అప్పటికే లేదు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ‘ఈ అబ్బాయే’ అన్నారు. 1911లో అతని కోసం ఒక సంఘమే పెట్టేశారు, దేశదేశాల్లో వేలమంది చేరారు.

తండ్రి సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నా పిల్లలు నాక్కావాలంటూ ఆయన అనిబిసెంట్ మీద కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు కూడా. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1914లో ఆ తీర్పు కొట్టేసింది. పిల్లలిద్దరూ ఇంగ్లండ్‌లోనే ఉండిపోయారు. స్వర్గం వస్తుందన్న నమ్మకానికి ఒక ఇల్లు కట్టిన ఖరీదు అది.

1925లో తమ్ముడు నిత్యానంద క్షయతో అమెరికాలో చనిపోయాడు. అతనికేమీ కాదని కృష్ణమూర్తి గట్టిగా నమ్మారు. ఆ కబురు ఇండియాకు ఓడలో వస్తుండగా అందింది, మనిషి కుప్పకూలిపోయారు. తర్వాత నాలుగేళ్ళకు, 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఓమెన్‌లో సుమారు మూడు వేలమంది ఎదుట ఆయనే ఆ సంఘాన్ని రద్దు చేశారు. నాకు అనుచరులు వద్దన్నారు. కానుకగా వచ్చిన కోటను, భూముల్ని ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇప్పించారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళలో కొందరికి అది మింగుడు పడలేదు. పడదు కదా మరి!

మన దగ్గర జరిగింది వేరు. 1979 నవంబరు 20, అంటే హిజ్రీ 1400 ముహర్రం ఒకటో తేదీ. జుహైమాన్ అల్ ఉతైబీ మనుషులు ఫజర్ వేళ మక్కాలోని మస్జిదె హరాంను తుపాకులతో ఆక్రమించారు. తమలోని ముహమ్మద్ అల్ ఖహ్తానీయే మహ్దీ అని మైకులో ప్రకటించారు. నమాజుకు వచ్చినవాళ్ళు లోపల చిక్కుకుపోయారు. రెండు వారాలపాటు కాల్పులు జరిగాయి, వందలమంది చనిపోయారు. ‘మహ్దీ’ అన్న మనిషి మొదటి కొద్దిరోజుల్లోనే పోయాడు.