పురి విడితే పోయేది తాడొక్కటే కాదు

రాజోలు వీధుల్లో ఇప్పుడు గుమ్మం దాకా ఫైబర్ వచ్చేస్తోంది. సాయంత్రమైతే కువైట్ నుంచో మస్కట్ నుంచో వీడియో కాల్. ఫోను పట్టుకుని మేడ మీద గదిలోకి వెళ్తే మాత్రం బొమ్మ ఆగిపోతుంది. నింద నెట్ కంపెనీ మీద పడుతుంది. దొంగ ఒక్కోసారి ఇంట్లోనే, మేడ మీది వైఫై పెట్టెకు గోడ వెంట పాకిన నెట్ వైరులోనే ఉంటాడు. ఆ వైరు విశేషాలు కొన్ని.

మోరిలో మొదలు

మన రాజోలు నియోజకవర్గంలోదే సఖినేటిపల్లి మండలం మోరి. 2016 డిసెంబరు 29న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ఆ ఊళ్లోనే ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ, ఫోను ఒకే తీగ మీద ఇచ్చిన పథకం అది. రోడ్లు తవ్వే పని తగ్గేలా కరెంటు స్తంభాల మీదుగా గాజుతీగ లాగారు.

తూము ఎంతో నీరూ అంతే

ఆ 15 ఎంబీపీఎస్ పక్కన క్యాట్ 5ఈ అనే రకం నెట్ వైరును పెట్టి చూడండి. చవకలో దొరికే ఆ వైరు 100 మీటర్ల దాకా 1,000 ఎంబీపీఎస్ మోస్తుంది. అంటే అరవై ఆరు రెట్లు! ప్లాన్ తూమైతే వైరు బోదె. తూము చిన్నదైతే బోదె ఎంత వెడల్పు చేసినా చేలోకి వచ్చే నీళ్లు పెరగవు. ఇప్పటి 100, 200 ఎంబీపీఎస్ ప్లాన్లకూ ఇదే లెక్క. కొత్తగా ఇల్లు కడుతూ గోడలో పైపు వేయించేవాళ్లు మాత్రం క్యాట్ 6 లాగించుకోవడం మేలు. సుమారు 55 మీటర్లలోపు అది 10,000 ఎంబీపీఎస్‌నూ తట్టుకుంటుంది. గోడ మాటిమాటికీ పగలగొట్టలేం కదా.

కొబ్బరి తాడు, బెల్ తాడు

కొబ్బరి పీచుకు పురి ఎక్కిస్తేనే తాడు. నెట్ వైరు కథా అంతే. పైతొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా కనిపిస్తాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. ప్రతి జతలోని రెండు తీగలూ ఒకదానికొకటి మెలేసుకుని ఉంటాయి. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఈ ఉపాయానికి 1881లోనే పేటెంటు తీసుకున్నాడు.

పురి వల్ల లాభం ఏమిటంటే, పక్కనున్న కరెంటు తీగ రొద జతలోని రెండింటికీ సమానంగా తగులుతుంది. అవతలి యంత్రం రెండు తీగల మధ్య తేడానే చదువుతుంది గనక, సమానంగా తగిలిన రొద కొట్టుకుపోతుంది. ఇంకో చిత్రం: నాలుగు జతల్లో ఏ రెండింటి పురీ ఒకేలా ఉండదు. దగ్గర పెట్టి చూస్తే ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా తెలిసిపోతుంది. అన్నీ ఒకే తీరున తిరిగితే ఒక జత మాట పక్క జతకు వినపడుతుంది మరి.

అందుకే కొసకు ప్లగ్గు బిగించేటప్పుడు పురి విప్పేది అర అంగుళం లోపే ఉండాలి. పని సులువవుతుందని రెండంగుళాలు విప్పేస్తే, మంచి వైరు కొన్న డబ్బు ఆ రెండంగుళాల్లోనే పోయినట్టు.

రాగి పూత

ఓసారి నేనూ మోసపోయాను. "ఆయ్, ప్యూర్ కాపరేనండి" అని కొట్టాయన చేతిలో పెట్టిన వైరు చుట్ట తేలిగ్గా అనిపించింది. ఇంటికొచ్చి తీగ కొసను బ్లేడుతో గీకితే రాగి రంగు లేచిపోయి లోపల వెండిలా తెల్లగా బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత! అల్యూమినియం బరువు రాగి బరువులో మూడో వంతు కూడా ఉండదు. చెయ్యి ముందే చెప్పింది, నేను వినలేదు.

ఈ సరుకు మోసం చాన్నాళ్లు బయటపడకపోవడానికీ ఓ కారణం ఉంది. వేగంగా కంపించే సంకేతం తీగ పైపొర వెంటే ఎక్కువగా పోతుంది, అక్కడున్నది రాగే. కాబట్టి కొద్ది దూరానికి నెట్ బాగానే వస్తుంది. అదే వైరు మీద సీసీ కెమెరాకు కరెంటు కూడా పంపితే, అది తీగ నిండా పారాలి. అప్పుడు అల్యూమినియం అడ్డుపడుతుంది, వైరు వేడెక్కుతుంది, కెమెరా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది.

పదమూడు చెట్లు

రాగి నెట్ వైరుకు హద్దు 100 మీటర్లు. తోటలో కొబ్బరిచెట్లు ఎనిమిది మీటర్ల ఎడంలో ఉంటే, మొదటి చెట్టు నుంచి పదమూడో చెట్టుకు 96 మీటర్లు. వైరు అక్కడిదాకానే. తోట చివర మోటారు షెడ్డులో కెమెరా పెట్టాలంటే మధ్యలో స్విచ్ అయినా ఉండాలి, ఫైబర్ అయినా లాగాలి.

ఎనిమిదిలో ఒకటి తెగితే

100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. 1,000 కావాలంటే నాలుగూ పనిచేయాలి. పెద్ద ప్లాన్ తీసుకున్నా వేగం 90 చిల్లర దగ్గరే ఆగిపోతుంటే, ఎక్కడో ఒక తీగ తెగిందనో ప్లగ్గు సరిగా పట్టలేదనో మొదట అనుమానించండి.

అంకె పెద్దదైతే గొప్పా?

క్యాట్ 8 తన పూర్తి వేగంతో పనిచేసేది 30 మీటర్ల దాకానే. అది డేటా సెంటర్ల కోసం పుట్టింది. మన హాల్లో టీవీకి దాన్ని తగిలించడమంటే గుడి రథానికి కట్టే మోకుతో మేకపిల్లను కట్టినట్టే.

ఎండ, ఉడుత, పిడుగు

ఇంట్లో వాడే వైరు తొడుగు బయట ఎండకు పెళుసెక్కి పగులుతుంది. మేడ మీదకు, పెరట్లోకి లాగేది బయటి వాడకానికని చేసిన నల్ల తొడుగు వైరై ఉండాలి. ఉడుతల బెడద ఉన్నచోట దాన్ని పైపులో దూర్చడం ఇంకా మంచిది. రెండిళ్ల మధ్య ఆరుబయట రాగి వైరు వేలాడదీస్తే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండు వైపులా నెట్ పెట్టెలు కాలిపోవచ్చు. గాజుపోగులో కరెంటు పారదు. ఇంటి నుంచి ఇంటికి ఫైబర్ అనడం అందుకే.

లేనిదాని పేరు

ఇలా వైరుతో కంప్యూటర్లను కలిపే పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టింది బాబ్ మెట్‌కాఫ్. 1973 మే 22న అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాసిన కాగితంలో ఆ మాట వాడాడు. ఈథర్ అంటే వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉందని ఒకప్పుడు శాస్త్రవేత్తలు ఊహించిన పదార్థం. 1887లో మైకెల్సన్, మోర్లీ ఎంత వెతికినా దాని జాడ దొరకలేదు. పేరులో ఉన్న ఈథర్ లేకపోయినా పర్లేదు. వైరులో ఉందన్న రాగి మాత్రం ఉందో లేదో, డబ్బులిచ్చే ముందే ఓసారి గీకి చూసుకోండి.